సులోచన టీచర్ చప్పట్లు

కోరుట్ల పక్క పల్లె బడిలో సులోచన టీచర్, పిల్లల సంతోషం గురించి శిక్షణకు వెళ్లొచ్చిన నాటి నుంచీ, పాఠానికి ముందు ఒక్కొక్కరితో నిన్నటి మంచి సంగతి చెప్పిస్తుంది. కళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టి, బోర్డు మీద నవ్వుముఖం గీసి, అందరికంటే ముందు తానే చప్పట్లు కొడుతుంది. గుడ్డు కూరకూ చప్పట్లే, కొత్త చెప్పులకూ చప్పట్లే. ఆ రోజు శ్రావ్య ఎగిరి లేచింది. "దుబాయిల మా బాపు కంపెనీ మూతవడ్డదట టీచర్! ఇగ ఇంటికే అస్తుండు. అమ్మనే ఎందుకో పొద్దట్నుంచి ఏడుస్తున్నది." టీచర్ చేతులు లేచాయి గానీ ఒకదానికొకటి తగల్లేదు. కొట్టాలా, దించాలా? శిక్షణలో ఇది చెప్పలేదు. పిల్లలంతా ఆ చేతులవైపే చూస్తున్నారు. వెనక వరుసలోంచి దీప మెల్లగా అడిగింది: "టీచర్, మస్కట్ల మా బాపు కంపెనీ ఎప్పుడు మూతవడ్తది?"