బావ తెర మీది పెద్ద అక్షరాలు

పోయిన వారం తమక అనే ఊళ్ళో ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. మన వయసు వాళ్ళకు ఇదేమీ కొత్త సంగతి కాదు. రెండేళ్ళకోసారి అద్దాలు మందమవుతూ ఉంటాయి, మనం దుకాణం వాళ్ళ మీద విసుక్కుంటూ ఉంటాం. పరీక్ష చేసే ఆవిడ గోడమీది అట్టకు బదులు కంప్యూటరు తెర మీద అక్షరాలు చూపించి, నేను తడబడినప్పుడల్లా ఒక మీట నొక్కి వాటిని పెద్దవి చేస్తూ పోయింది. ఒక్క మీట! నాకు మాత్రం కుర్చీలో కూర్చున్నచోటే ఒళ్ళంతా అలసట కమ్మింది. ఆ మాత్రం పని కోసం ఒకప్పుడు నేను రోజుకు ఎన్నిసార్లు బల్లకింద దూరేదాన్నో ఆవిడకు చెప్పబోయి మానుకున్నాను.

మా కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డ నాలుగైదేళ్ళకు, ఛాంపియన్ రీఫ్స్ పేటలో ఒక పాత సామాన్ల కొట్టుకు సున్నం కొట్టించి డేటా ఎంట్రీ కేంద్రం తెరిచారు. బెంగళూరు కంపెనీ ఒకటి కట్టలకొద్దీ దరఖాస్తులు పంపేది, మావాళ్ళు వాటిని చూసి కంప్యూటర్లలోకి ఎక్కించేవాళ్ళు. హార్డ్‌వేర్ కోర్సు అప్పుడే ముగించిన నన్ను యంత్రాలు చూసుకోవడానికి పెట్టుకున్నారు. పదిహేను బల్లలు, బల్లకొక తెర, బల్ల కింద బిగించిన చిన్న పెట్టె. వాటిని థిన్ క్లయింట్లు అనేవాళ్ళం. వాటికి సొంతంగా ఏమీ గుర్తుండదు. మూలగదిలోని సర్వరు అనే పెద్ద కంప్యూటరు నుంచి పొద్దున్నే అన్నీ తెచ్చుకోవాలి, ఆపితే అన్నీ మరిచిపోవాలి. తెరలేమో వేలంలో కొన్న పాతవి, ఒకదానికొకటి పోలిక లేనివి. సర్వరు పంపే రిజల్యూషన్, అంటే బొమ్మ కొలత, కొన్నిటికి పడక నల్లబడి ఊరుకునేవి, కొన్నిటిలో బొమ్మ ఒక పక్కకు జారిపోయేది. కరెంటు పోవడం ఎలాగూ మామూలే. వచ్చిన ప్రతిసారీ నేను చున్నీ నడుముకు బిగించి బల్ల బల్లకూ పాకాల్సిందే. ఆ రోజుల గురించి ఎవరైనా తీపిగా మాట్లాడితే ముందు నా మోకాళ్ళు గుర్తొస్తాయి.

పదకొండో బల్ల మా బావది, అంటే మా అక్క భర్తది. గని నడిచినన్నాళ్ళూ ఆయన వైండింగ్ ఇంజను డ్రైవరు. మనుషులను ఎక్కించుకున్న కేజ్‌ను, అంటే ఇనుప బోనును, షాఫ్ట్ అనే గనిబావిలోకి దించడం, పైకి లాగడం ఆయన పని. ఇంజను గదిలో పెద్ద గడియారంలాంటి ముల్లు కేజ్ ఎంత లోతున ఉందో చూపేది; దాని మీంచి చూపు తిప్పకూడదు. ఆ డ్రైవర్లకు క్రమం తప్పకుండా కంటి పరీక్ష ఉండేది. పరీక్ష తప్పినవాణ్ణి ఆ రోజే ఇంజను మీంచి దించి, ఆవరణ ఊడ్చే పనికి వేసేవాళ్ళు. తోటివాళ్ళు ఒకరిద్దరికి అలా జరగడం చూసిన మా బావకు కళ్ళజోడు అనే మాటే గిట్టేది కాదు. గని పోయాక కూడా ఆ భయం పోలేదు. నలభై దాటి, రెండు వేళ్ళతో మొదలుపెట్టి, తన ఈడువాళ్ళలో ఎవరూ నేర్వని టైపింగు నేర్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇంజను దిగిన తరువాత మనిషి మళ్ళీ తల ఎత్తుకుని నడిచింది అప్పుడే అని మా అక్క అనేది.

చేరిన కొత్తలోనే ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, నా తెర ఏదో చెడిపోయుండాది చూడు. అక్షరాలు చీమల మాదిరి పాకతా ఉండాయి" అన్నాడు. తెర నిక్షేపంగా ఉంది. నేను ఏమీ తెలియనట్టే బల్లకింద దూరి, పెట్టె ఆపి మళ్ళీ వేసి, రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించాను. అక్షరాలు పెద్దవయ్యాయి, బావ మొహం విప్పారింది. కానీ మేము నింపే ఫారం పెద్ద తెర కొలతకు చేసింది కాబట్టి, అట్టడుగున ఉండే సేవ్ బటన్ తెర కిందికి పోయి కనపడకుండా అయింది. ఆ పూట ఆయన నింపిందంతా గాలిలో కలిసిపోయింది. చివరి గడి నింపాక మూడుసార్లు ట్యాబ్, ఒకసారి ఎంటర్ నొక్కమని, బటన్ కనపడకపోయినా పని అవుతుందని భయపడుతూనే చెప్పాను. ఆయన పకపకా నవ్వి, "ఇంతేనా? కేజ్‌ను మాత్రం నేను చూసినానా ఏమి? కిందినుంచి కొట్టే గంటలు లెక్కపెట్టుకునే కదమ్మా దించినాను" అన్నాడు. ఆ తరువాత ఒక్క ఫారం తప్పిపోలేదు.

అప్పటినుంచి ఆ రహస్యం మా ఇద్దరిదీ. ఆయన రాకముందే నేను వెళ్ళి పదకొండో తెర సరిచేసేదాన్ని. కరెంటు పోయి వచ్చినప్పుడు ముందు అక్కడికే పరుగెత్తేదాన్ని. ఏడాది పైనే అలా నడిచింది. ఇష్టంగానే మొదలుపెట్టాను, అబద్ధం ఎందుకు? కానీ రాను రాను విసుగు పుట్టింది. పద్నాలుగు బల్లలవాళ్ళు నా కోసం అరుస్తుంటే నేను పదకొండో దాని కింద ఉండేదాన్ని.

ఇంతలో బెంగళూరు నుంచి కంపెనీ అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి, ఒక తెర వేరుగా ఉండటం చూసి, అన్నీ ఒకే కొలతలో ఉండాలి, ఎవరూ మార్చకుండా సర్వరులోనే బిగించమన్నాడు. మర్నాడు పొద్దున్నే బిగించేశాను. బాధపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి నాకు హాయిగా అనిపించింది. మోకాళ్ళకు విశ్రాంతి అనుకున్నాను. బావకు ఎలా చెప్పాలా అని మాత్రం ఆలోచించలేదు.

ఆయన వచ్చి కూర్చున్నాడు, తెర చూశాడు, కళ్ళు చికిలించి నా కోసం వెతికాడు. నేను హాలు ఆ చివర ఎవరిదో వైరు బిగిస్తున్నాను. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచేసరికి నాకు చిరాకేసి, బల్లకిందనుంచే గట్టిగా, "ఇంగ నా వల్ల కాదు బావా, నీకు చూపు ఆనడం లేదు, కళ్ళజోడు పెట్టుకో" అని అరిచాను.

పద్నాలుగు కీబోర్డులూ ఒక్కసారి ఆగాయి. అందరూ గని కుటుంబాలవాళ్ళే, డ్రైవరుకు చూపు పోతే ఏమవుతుందో ఎరిగినవాళ్ళే. ఆయన ముక్కు తెరకు ఆనించినంత దగ్గరగా వంగి సాయంత్రం దాకా టైపు చేశాడు. మర్నాడు రాలేదు. మా అక్క బతిమాలింది, నేను ఇంటికి వెళ్ళి బతిమాలాను. దించేయకముందే దిగిపోవడం మేలని అక్కతో అన్నాడట. నెల తిరక్కుండా రాయల్పాడు దగ్గర ఒక మామిడి తోటలో కావలికి కుదిరాడు.

తరువాత కొన్నేళ్ళకు వేరే ఉద్యోగంలో కొత్త సర్వరు పనులు నేర్చుకుంటుండగా తెలిసింది, అందరికీ బిగించినా ఒక్క పెట్టెను వదిలిపెట్టవచ్చునని. సర్వరులో ఆ పెట్టె నంబరు రాసి, దాని కింద ఒక్క వరుస చేరిస్తే చాలు. పొద్దున్నే తనంతట తానే పెద్ద అక్షరాలతో తెర వెలిగేది, నేను పాకాల్సిన పనే ఉండేది కాదు. ఆ ఆదివారమే బస్సెక్కి తోటకు వెళ్ళాను. బావ అక్క కొనిపెట్టిన మందపాటి అద్దాలు పెట్టుకుని కాయలు ఏరుతున్నాడు. అంతా విని, చేతిలోని కాయను తిప్పి తిప్పి చూసి, "అప్పుడు గూడా అయ్యేదా అది?" అని మాత్రం అడిగాడు. అయ్యేదన్నాను. "పోనీలేమ్మా. అన్నం తిని పో" అన్నాడు.

బావ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఏ తెరను తగిలించినా తన కొలత తానే కుదుర్చుకుంటుంది, ఎవరికి కావలసిన అక్షరాలు వాళ్ళు పెట్టుకుంటారు, అందులో సిగ్గుపడేది ఏముందని పిల్లలు అడుగుతారు. నిజమే, ఏమీ లేదు. ఆ కేంద్రమూ లేదు, ఆ తెరలు ఏ పాత ఇనుములో కలిశాయో తెలియదు. ఆ రోజులు తిరిగి రావాలని నేనైతే కోరుకోను. ఆ ఒక్క వరుస నాకు అప్పుడు తెలియదు, దానికి నన్ను నేను క్షమించుకోగలను. కానీ ఆ పొద్దు నేను చేతిలోని వైరు కింద పెట్టి, నాలుగు అడుగులు నడిచి వచ్చి, ఆ మాటే ఆయన చెవిలో చెప్పి ఉండవచ్చు. నడవడం నాకు అప్పుడు కూడా తెలుసు.