నున్న మేస్త్రి గీకిన కోకో తోట

గోడలకు రంగులు వేసే ఆయన్ని అందరూ నున్న మేస్త్రి అనేవారు. గోడ మీద గోరంత బొడిపె కనిపించినా ఆయనకు కడుపులో తిప్పేది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, చెంప ఆనించి చూసుకుంటే గానీ రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. పిల్ల గడ్డం మీద పులిపిరి ఉందని కుదిరిన సంబంధాన్నే వదులుకున్నాడు. చేతులు వణకడం మొదలయ్యాక అక్క పంచన చేరాడు.

అక్కకు ఇంటి వెనక కోకో తోట. ఆ కాయల మీదే ఆమె బతుకు. చెట్లను చూడగానే మేస్త్రి మొహం చిట్లించాడు. కొమ్మల చివర ఒక్క పువ్వు లేదు. మాను మొదలు నుంచి ముదురు కొమ్మల దాకా బెరడు నిండా గడ్డలు, గడ్డ గడ్డకీ చీము పొక్కుల్లా పిసరంత పూలు.

"ఛీ ఛీ! చెట్లకి గజ్జి పట్టిందే అక్కా!"

"గజ్జేంట్రా నీ మొహం! ముదురు మానుకే పూస్తాయివి."

"పువ్వన్నాక చిగురున పూయాలి గానీ, మోకాలికీ మెడకీ ఏంటి, అసహ్యంగా!"

"చూడలేకపోతే కళ్లు మూసుకో. చెయ్యి మాత్రం పెట్టకు."

కూతురి పురుటికని అక్క ఊరెళ్లింది. మేస్త్రికి చేతులు దురదెత్తాయి. గోడకైతే పాత పెచ్చు గీకేస్తేనే కొత్త రంగు పట్టుకుంటుంది. చెట్టుకూ అంతే అనుకున్నాడు. గీకుడు రేకు పట్టుకుని, చెయ్యి అందినంత మేరా మాన్లన్నీ గీకాడు. తెగిన గడ్డల జిగట వేళ్లకు అంటినప్పుడల్లా ఓకరిస్తూ, చొక్కాకు తుడుచుకుంటూ గీకాడు. పైన సున్నం కొట్టాడు. చివరి వరస మిగిలుండగా అక్క వచ్చేసింది.

"పూలేవిరా?"

"మళ్లీ వస్తాయిలే. గొరిగితే జుట్టు రాదూ?"

"గడ్డ పోయిన చోట ఇంక పూయదురా, దరిద్రుడా! పైకొమ్మల్లో నాలుగు కాయలు కాస్తే కాస్తాయి. మిగతాదానికి ఏం తినను, నీ సున్నమా?"

అక్క నులకమంచం ఈడ్చుకెళ్లి చివరి వరసలో పడేసింది.

"ఇక్కడే పడి ఉండు. ఈ చెట్లని ఉడత కొరికినా నీదే పూచీ."

ఆ రోజు నుంచీ మేస్త్రి కాపలా అక్కడే. ఎటు తిరిగి పడుకున్నా గడ్డలే. మాను పక్కకి ఒత్తిగిలితే పూలు మెడకు తగులుతాయి. ఒళ్లు జలదరిస్తుంది, వాంతి వచ్చేలా నోట్లో నీళ్లూరతాయి. ఉమ్మడానికి కూడా మంచం దిగి దూరంగా వెళ్లి, ఈలోగా ఉడత ఎక్కుతుందేమోనని గబగబా వెనక్కొస్తాడు.