నీళ్ళలో మొహమాటం

మా చీరల కొట్టులో ఏ బేరం కుదురుతుందో, ఏది కుదరదో నాకు ముందే తెలిసిపోతుంది. వచ్చినావిడ "పర్లేదండీ, బాగానే ఉంది" అందంటే ఆ చీర ఆవిడకి నచ్చలేదన్నమాట. "మళ్ళీ వస్తామండీ" అంటే ఇక జన్మలో రారు. విజయవాడ వన్ టౌన్‌లో ఇన్నేళ్ళుగా గల్లాపెట్టె పక్కన కూర్చుని నేను నేర్చుకున్న చదువంతా ఇదే. మనవాళ్ళు నోటితో అనేది ఒకటి, మనసులో ఉండేది ఇంకొకటి. ఇంత తెలిసినదాన్ని మా వదిన దగ్గర మోసపోయాను. అదీ నీళ్ళ అడుగున.

వదినంటే మా అన్నయ్య భార్య. నాతోపాటే కొట్లో కూర్చుంటుంది. పుట్టిల్లు బందరు దగ్గర, వాళ్ళది చేపల వ్యాపారం. "చేపని బుట్టలో చూశాను, తక్కెట్లో చూశాను, పులుసులో చూశాను. ఈదుతుంటే మాత్రం చూళ్ళేదే" అని నవ్వుతూనే అనేది. చిన్నప్పుడు పడవెక్కుతానని ఏడిస్తే, ఆడపిల్లవి నీకెందుకని వాళ్ళ నాన్న తీసుకెళ్ళలేదట. ఆ కోరిక అట్లాగే ఉండిపోయింది. అందుకే మన ఊళ్ళోనే ఈతకొలనులో స్కూబా డైవింగ్ నేర్పుతున్నారని ఫోన్‌లో చూసిన రోజు, మధ్యాహ్నం బేరాల్లేని వేళ, నన్ను మోచేత్తో పొడిచి "పోదామా?" అంది.

నలభై దాటిన ఇద్దరాడవాళ్ళం, వీపున సిలిండర్లు, కాళ్ళకి బాతు పాదాల్లాంటి రెక్కలు. మమ్మల్ని చూసి అన్నయ్య పడీపడీ నవ్వాడు. "కొట్లో మీ ఇద్దరి వాగుడు చాలక నీళ్ళలోక్కూడానా?" అన్నాడు. "నీళ్ళలో మాట్లాడటం కుదరదటండీ, మీకే మంచిది" అంది వదిన.

నిజమే, నీళ్ళలో మాటలుండవు, సైగలే. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా చుడితే ఓకే. అడగడానికీ అదే, జవాబుకీ అదే. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. ఆ తర్వాత వేలు చెవి వైపు చూపిస్తే తేడా చెవిలోనని. "లోతుకి పోయేకొద్దీ నీళ్ళు చెవుల్ని నొక్కుతాయి. జలుబుంటే దిగొద్దండీ. ముక్కు మూసుకుని ఎంత ఊదినా చెవుల్లోకి గాలి పోదు. బలవంతాన దిగారో, కర్ణభేరి చిరిగిపోతుంది" అని మా కోచ్ గారు ప్రతి క్లాసులోనూ చెప్పేవారు. మేమూ ప్రతి క్లాసులోనూ తలూపాం. తలూపడంలో మాకు తిరుగులేదు కదా.

కొలను పాఠాలు అయ్యాక నది. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఎండాకాలంలో కదలకుండా, కాస్త తేటగా ఉంటుంది. అక్కడ అలవాటు పడి, తర్వాత విశాఖ వెళ్ళి సముద్రంలో దిగాలని మా ఇద్దరి ఆశ. నదిలో దిగాల్సిన పొద్దున పడవ దగ్గర చూస్తే వదిన ముక్కు ఎర్రగా ఉంది.

"జలుబా?" అన్నాను.

"ఛ, ఏం లేదే. రాత్రి ఏసీ పడలేదు."

కోచ్ గారు అడిగితే, "బాగానే ఉన్నానండీ" అంది. ఇంట్లోనే జలుబు మాత్ర మింగి వచ్చిందన్న సంగతి తర్వాత ఆసుపత్రిలో గాని బయటపడలేదు. "పడవాయన వచ్చి కూర్చున్నాడు. అందరూ పనులు మానుకుని వచ్చారు. నువ్వేమో చిన్నపిల్లలా గంతులేస్తున్నావు. అంతమంది ముందు నేను దిగనని ఎట్లా అనేది? మొహమాటం వెయ్యదూ?" అంది. చెవిలో దూదితో, ఎదురు నన్నే అడిగింది.

తాడు పట్టుకుని దిగాం. కోచ్ గారు మా కింద ఉన్నారు. చుట్టూ ఆకుపచ్చటి వెలుగు. కొంచెం దిగాక వదిన ఆగింది. ముక్కు మూసుకుని ఊదింది. మళ్ళీ ఊదింది. మాస్కు వెనక కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. నేను వేళ్ళు సున్నా చుట్టి అడిగాను. ఆవిడ సున్నా చుట్టి చూపించింది. సరేనని నేను కిందికి కదిలాను. నా వెనకే వచ్చింది.

ఒక్కసారే అడిగాను. మా ఇళ్ళల్లో అన్నం వడ్డించేటప్పుడు ఎవరైనా వద్దంటే నమ్ముతామా? రెండోసారి అడుగుతాం. మూడోసారి అడుగుతాం. అప్పటికీ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితేనే గరిటె వెనక్కి తీస్తాం. ఇదే వదినకి బతిమాలి, కసిరి మరీ వడ్డించినదాన్ని, నీళ్ళలో ఒక్క సున్నా చూసి నమ్మేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

చెవిలో ఠప్పుమందట. చల్లటి నీళ్ళు తలలోకి దూరినట్టయి, నదంతా గిర్రున తిరిగిందట. నేను వెనక్కి తిరిగేసరికి తాడుని రెండు చేతులతో కావలించుకుని ఉంది. కోచ్ గారు ఆవిడ నడుం పట్టుకుని మెల్లగా పైకి తెచ్చారు. పడవలో పడుకోబెట్టాక చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. అప్పుడు కూడా నా మొహం చూసి, "ఏం కాలేదే, పర్లేదు" అంది.

"నీ పర్లేదు పాడుగాను!" అని అరిచి భోరున ఏడ్చాను.

చిరిగిన పొర అతుక్కుంది గాని, లోపలి చెవి దెబ్బతిందన్నారు డాక్టరు గారు. ఆ చెవిలో వినికిడి సగమైంది. మళ్ళీ డైవింగ్ మాట ఎత్తొద్దన్నారు. వదిన బుద్ధిగా తలూపి, బయటికొచ్చాక, "సముద్రం అడుగు చూడకుండానే అయిపోయిందే" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేను.

నేనూ మానేశాను. ఆవిడే పోరుపెట్టి మళ్ళీ పంపింది. ఇప్పుడు మా డైవింగ్ క్లబ్బులో ఒక పద్ధతి వచ్చింది. దిగేముందు పడవ మీద ప్రతి ఒక్కరినీ మూడుసార్లు అడుగుతారు, భోజనాల దగ్గర అడిగినట్టు. కొత్తవాళ్ళు నవ్వుతారు. మూడోసారికి మాత్రం ఎవరో ఒకరు, "కొంచెం ముక్కు దిబ్బడగా ఉందండీ" అని బయటపడతారు. వాళ్ళు పడవలో వదిన పక్కన కూర్చుని ఇడ్లీ తింటారు.

అవును, వదిన ప్రతిసారీ వస్తుంది. టిఫిన్ క్యారియరు పట్టుకుని, వినిపించే చెవి మా వైపు పెట్టి కూర్చుంటుంది. నేను కిందికి దిగి, ఆగి, అలవాటు కొద్దీ కుడి పక్కకి తిరిగి సున్నా చుడతాను. అక్కడ నీళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఎంత కోరుకుంటానో, ఆవిడ ఒక్కసారి అక్కడుండి అరచెయ్యి అటూ ఇటూ ఊపితే బాగుండునని. ఇద్దరం పైకి వచ్చేసేవాళ్ళం. జలుబు తగ్గాక మళ్ళీ దిగేవాళ్ళం. అంతేగా!

పైకొచ్చాక చేపలు కనిపించాయా అని అడుగుతుంది. బురద తప్ప ఏం లేదంటాను. చాలాసార్లు అది నిజమే. మొన్న ఎండాకాలం ఒక పొద్దున మాత్రం నిజం కాదు. ఆ రోజూ పడవ అంచు పట్టుకుని మాస్కు తీశానో లేదో, అడిగింది.

"చేపలు కనిపించాయా?"

"ఏం చేపలు వదినా, అంతా బురదే."

తువ్వాలు అందించింది. "నిజంగా కనపళ్ళేదా?"

"లేదంటే లేదు. ఆకలేస్తోంది, ఇడ్లీ తియ్యి."

తియ్యలేదు. వినిపించే చెవి నా దగ్గరికి వంచి, "మూడోసారి అడుగుతున్నానే" అంది.

ఇక నా వల్ల కాలేదు. "కనిపించాయి వదినా. బోలెడు. ఆ రోజు నువ్వు ఆగావే, అంత లోతులోనే. నా చుట్టూ తిరిగి, అన్నీ ఒక్కసారే పక్కకి మళ్ళాయి."

"ఎట్లా మళ్ళాయి?"

అరచెయ్యి నిలువుగా పెట్టి, చటుక్కున తిప్పి చూపించాను. వదిన గాజులు వెనక్కి తోసుకుని, పడవ మీంచి వంగి, చెయ్యి నీళ్ళలో పెట్టింది. నేను చూపించినట్టే తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఇట్లాగేనా?"

"ఇట్లాగే వదినా" అన్నాను.