మూడో అంతస్తులో దొంగ వైఫై

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ ముక్కక్క అనేవారు. ఎక్కడ తీగ తెగినా, ఏ పెట్టె మొరాయించినా వాసన పట్టినట్టు నేరుగా అక్కడికే వెళ్తుందని ఆ పేరు. టెలిఫోన్ లైన్లు సరిచేసే పనిలో చేరిన మనిషి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి కంప్యూటర్ నెట్‌వర్క్ మొత్తానికి కాపలాదారైంది.

ఒక సోమవారం ఉదయం ఆమె తెరమీద కొత్త వైఫై పేరొకటి తేలింది: ‘చుట్టాలిల్లు’. ఆసుపత్రి పెట్టింది కాదు. పాస్‌వర్డ్ లేదు. పైగా ఆసుపత్రి తీగకే తగిలించి ఉంది. వీధిలో నిలబడ్డ ఎవడైనా సరే, ఫోను తీసి రోగుల రిపోర్టుల దాకా వచ్చేయొచ్చు. ముందు తలుపుకు మూడు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే!

ట్యాబ్లెట్ గుండెలకు హత్తుకుని బయలుదేరింది. కింద సిగ్నల్ అంతంతమాత్రం, మూడో అంతస్తులో జోరు. ఎక్స్‌రే గది దగ్గర సీసపు గోడలు దాన్ని మింగేసి కాసేపు తిప్పలు పెట్టాయి. అప్పుడామె వరండా మధ్యలో నిలబడి మెల్లగా గుండ్రంగా తిరిగింది. వీపు ఎటు తిప్పితే ఒళ్లు అడ్డుపడి సిగ్నల్ తగ్గుతుందో, ఆ వైఫై పెట్టె అటువైపున్నట్టు లెక్క.

“కళ్లు తిరుగుతున్నాయా తల్లీ? వీల్‌చైర్ పిలిపించనా?” అన్నాడు బెంచీ మీది ముసలాయన.

“నేనే తిరుగుతున్నా బాబాయ్,” అని నవ్వి డయాలసిస్ వార్డులోకి నడిచింది. సిగ్నల్ దుప్పట్ల బీరువా దగ్గర ఆకాశాన్నంటింది. బీరువాకు అడ్డంగా హెడ్ నర్సు నిలబడి ఉంది. ఆవిడ ముక్కక్క భర్తకు స్వయానా అక్క.

“వదినా, కాస్త పక్కకు జరగండి.”

“దుప్పట్లతో నీకేం పనమ్మా?”

“దుప్పట్లలోంచి వైఫై వస్తోంది వదినా.”

ఆవిడ మొహం కందగడ్డైంది. “నాలుగ్గంటలు సూదులతో కదలకుండా పడుంటారు. ఇక్కడ ఫోన్లు పలకవు. ఇంట్లోవాళ్ల మొహాలైనా చూస్తారని మా ఇంట్లోని పాత వైఫై పెట్టె తెచ్చి పెట్టా. తప్పా?”

“చూపించడం తప్పు కాదు. వాళ్ల రిపోర్టులు వీధిన పడే దారి తెరవడం తప్పు,” అంటూనే ముక్కక్క తీగ పీకేసింది.

“అయ్యయ్యో!” కిటికీ పక్క మంచం మీంచి దర్జీ కేకేశాడు. “ఫోనులో చూస్తూ మా ఆవిడ చేత చొక్కా కత్తిరింపిస్తున్నా. చెయ్యి సగంలో ఆగిపోయింది!”

వార్డంతా గొల్లున నవ్వింది. ముక్కక్క మాత్రం ఆ పెట్టెను చంకన పెట్టుకుంది. తిన్నగా సూపరింటెండెంట్ గదికి వెళ్లి, పెట్టిందెవరో దాచకుండా చెప్పేసింది. “ఊరికే పీకేస్తే వారానికల్లా ఇంకోటి మొలుస్తుంది సార్. రోగుల కోసం వేరే దారి వేస్తాను. రిపోర్టుల వైపు తొంగి కూడా చూడదు.”

వదినకు చివాట్లు తప్పలేదు. ముక్కక్కకు అనుమతి దొరికింది. గురువారానికల్లా వార్డు గోడకు కొత్త పెట్టె, చేతుల్లో పాస్‌వర్డ్ చీటీలు. దర్జీ మళ్లీ ఫోనులో, “అటు కాదే, భుజం వైపు!” అని అరుస్తుంటే తక్కిన మంచాలవాళ్లూ తలో సలహా ఇవ్వసాగారు.

నిచ్చెన మడుస్తున్న ముక్కక్క చెయ్యి పట్టుకుని వదిన పక్కకు లాగింది.

“మందుల కొట్టు వెనకాల ఇలాంటి దొంగ పెట్టె ఒకటుంది. క్యాంటీన్‌లో ఇంకోటి. నువ్వొస్తున్నావని తెలిస్తే చాలు, ఆపేస్తారు. నే చెప్పానని చెప్పకేం!”

ముక్కక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే క్యాంటీన్ దారి పట్టింది.