కంప్యూటర్ చీటీకి పైరవీ

నాకు పైరవీ బాగా చేతనవును. బదిలీ కావాలన్నా, హాస్టల్ సీటు కావాలన్నా వనపర్తిలో జనం నా దగ్గరికే వచ్చేవారు. మాస్టరునే గానీ, పాఠాలకన్నా ఆ పనికే నాకు పేరెక్కువ.

వీపనగండ్ల దగ్గర మా చేన్లో, బోరు కాడ నాయన జారిపడ్డాడు. తలకు దెబ్బ తగిలినా ఎవరం పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి కాలు ఈడుస్తున్నాడు, మాట తడబడుతోంది. పట్నం తీసుకుపోతే మెదడు చుట్టూ నెత్తురు చేరిందన్నారు. పుర్రెకు రంధ్రం పెట్టి దాన్ని తీసేస్తారట. కొందరికి మళ్లీ చేరుతుందట. ఆ చోటికి నెత్తురందించే సన్న నాళాన్ని లోపలి నుంచే మూసేస్తే ఆగుతుందేమోనని అక్కడ పరీక్షించి చూస్తున్నారు. ఎవరికి నాళం కూడా మూయాలో, ఎవరికి ఒట్టి ఆపరేషనో చీటీ తీసినట్టు కంప్యూటరే చెబుతుంది. నాయన అంతా విని, ఒప్పుకుని వేలిముద్ర వేశాడు.

నాయనకు ఒట్టి ఆపరేషన్ వచ్చింది. పక్క మంచం మీది గద్వాల ఆయనకు నాళం మూసేది వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మాకు తెలిసిన లీడరుతో డాక్టరుకు ఫోన్ చేయించాను. అది చాలదన్నట్టు వార్డులో అందరి ముందే అన్నాను: "ఆయన పంక్చర్లేసుకునేటాయన సార్. మా నాయన ఊరికి పెద్దమనిషి. జర చూడుండ్రి."

డాక్టరు కోప్పడలేదు. ఏది మేలో తమకే తెలిస్తే చీటీ ఎందుకు తీస్తామని, ఒక్కరిని మార్చినా ఇంతమంది ఒప్పుకుని చేసింది దండగవుతుందని చెప్పి వెళ్లాడు. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనింకా ఫోన్లో నంబర్లు వెతుకుతూనే ఉన్నాను.

కాసేపటికి గద్వాల ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. మూడు రోజులుగా మా నాయనకు చాయ్ తెచ్చిపెడుతున్నది ఆమే.

"భయ్యా, మా ఆయనకొచ్చింది మీ నాయనకే ఇయ్యమని డాక్టర్ సాబ్‌కు చెప్పొచ్చిన. ఒప్పుకుంటలేడు. చదువుకున్నోనివి, నువ్వన్న జర చెప్పు" అన్నది.

చచ్చేంత సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను.

"ఆమెకు దండం పెట్టురా" అన్నాడు నాయన, గోడవైపు నుంచే.

వార్డంతా చూస్తోందని పెట్టలేదు.

నాయన ఒట్టి ఆపరేషన్‌తోనే కోలుకుని చేనుకు పోతున్నాడు. గద్వాల పోయి వాళ్లను చూసి రమ్మని ఇప్పటికీ అంటాడు. గంటన్నర దారి. ఇంతవరకు పోలేదు.