కొత్త యంత్రానికి కుంకుడు మర్యాద

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం నాకు రాయడమంటే బెదురు పట్టుకోవడమే. ఏలూరులో నేను గాజు సామాను కడిగే ల్యాబులో, యాభై దాటిన నాకు పరీక్షలు చేసే మేడంగారు భోజనాల వేళ అక్షరాలు దిద్దించారు. తీరా వచ్చాక నా చేత్తో రాసిన మొదటి కాగితం నా తప్పు గురించే. ఆ తరవాత మళ్లీ కలం పట్టాలంటే కొన్నాళ్లు మనసు రాలేదు.

మాది రొయ్యలు పరీక్షించే ల్యాబు. చెరువులో కూడని మందులేవీ వాడలేదని మేము కాగితం ఇస్తేనే సరుకు కొంటారు. ఆ ఏడు కొత్త యంత్రం వచ్చింది. నిజానికవి రెండు. ఒకటి రొయ్యలో ఉన్నవాటిని విడదీస్తుంది, రెండోది వాటిని తూస్తుంది. రెండింటికీ సంబంధం కుదర్చడానికి హైదరాబాదు నుంచి ఇంజనీర్లు వచ్చి వారం రోజులున్నారు. మా ఇంట్లో పెళ్లిళ్లు అంతకన్నా తొందరగా అయ్యాయి.

"విడదీసేది సోడాలో వేసే గ్యాసే పిన్నిగారూ," అన్నారు మేడంగారు. "దాన్ని గట్టిగా నొక్కి, కాస్త వెచ్చబెడితే అటు గాలీ కాదు, ఇటు నీళ్లూ కాదు. రెండు గుణాలూ వస్తాయి. రొయ్యలో ఉన్నదాన్ని చకచకా మోసుకుపోతుంది."

అలాంటివాళ్లు మా దెందులూరులోనూ ఉన్నారు గాని, వాళ్లు ఏదీ మోసిన పాపాన పోలేదు.

ఆ యంత్రంలో బయటి సరుకు మొదటిసారి పెట్టే రోజున నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పట్టుచీరలు, వెండి పట్టీలు మేము కుంకుడు రసంతో కడుగుతాం. అంత ఖరీదైన యంత్రానికి వెళ్లే గాజుకి ల్యాబువాళ్లిచ్చిన నీళ్లలాంటి సబ్బు వాడడానికి మనసొప్పలేదు. ఇంటి నుంచి రసం తెచ్చి సీసాలు మిలమిలలాడేలా తోమాను.

ఆ మొదటి సరుకు కలిదిండి రైతుది. టీ చల్లారేలోపే యంత్రం కాగితం మీద ఉండకూడని చోట ఒక శిఖరం గీసింది.

"ఏదో నురగొచ్చే మొక్క పదార్థమండీ," అన్నారు మేడంగారు రైతుతో. "చెరువులో పిచ్చి చేపల్ని చంపడానికి పిండి చల్లుతారే, అందులో ఉండేలాంటిది. మీరు చల్లారా?"

"లేదండీ, ఒట్టు!" అన్నాడాయన. కాసేపాగి, "మా తమ్ముడే చల్లుంటాడండీ. వాడి చెరువు పక్కనే. నా పంట చూసి ఓర్వలేడు," అన్నాడు. సరుకు కాగితం ఆగిపోయింది.

ఆయనకి టీ ఇచ్చి, గోడకి చేరబడి నిలబడ్డాను. ఎదురుగా నిబంధనల బోర్డు ఉంది. దాన్ని చదివి అర్థం చేసుకున్నానని నెలనెలా రిజిస్టరులో వేలిముద్ర వేసేదాన్ని. అక్షరాలొచ్చాక సంతకం పెట్టేదాన్ని. చదవకుండా సంతకం పెట్టడం చదువుకున్నవాళ్లని చూసే నేర్చుకున్నాను. ఆ రోజు ఊరికే కూడబలుక్కుని చదివాను. 'ల్యాబు ఇచ్చిన ద్రవం తప్ప మరే సబ్బూ, రసమూ వాడరాదు. కంటికి కనపడని జిడ్డు కూడా యంత్రానికి దొరుకుతుంది.'

రైతు టీ తాగి వెళ్లిపోయాడు. వెళ్లాక మేడంగారికి చెప్పాను.

"కుంకుడుకాయా?" ఆవిడ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేదు. "యంత్రానికి తలంటారా పిన్నిగారూ!"

దాచిన రొయ్యల్ని కొత్త సీసాల్లో మళ్లీ పెట్టారు. ఏమీ లేదు. ల్యాబు పద్ధతి ప్రకారం ఎవరి తప్పు వాళ్లే రాయాలి. పేజీ నిండా రాశాను. పెద్దసారు చదివి, "దస్తూరీ బాగుందే!" అని ఫైల్లో పెట్టేశారు. ఉద్యోగం పోలేదు.

రైతుకి పంపే కాగితంలో మాత్రం 'రెండోసారి పరీక్షలో కనపడలేదు' అని ఒక్క ముక్క ఉంది.

"మరి తమ్ముడి సంగతండీ?" అన్నాను.

"అది మన రిపోర్టులో రాదు పిన్నిగారూ."

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి కలిదిండి బస్సెక్కాను. రైతు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. "మీ తమ్ముడు కాదండీ, నేనండీ," అని మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బస్తాలు దింపేవాళ్లని ఆగమన్నాడు.

"నిన్న ఊరందరి ముందూ వాణ్ని అనరాని మాటలన్నానమ్మా. నేనొక్కణ్నే వెళ్తే వాడు తలుపు తియ్యడు. కాస్త మీరు ముందు నడవరా?"

నేను ముందు, ఆయన వెనక, గట్టు దిగి తమ్ముడింటి వైపు నడిచాం.