కాటా వేలాడుతున్న కొక్కెం

రొయ్యల మేత బస్తా విప్పగానే గుప్పుమనే ఎండుచేపల కంపుకి నాకు మొదటినుంచీ చిరాకే. కానీ మొన్న కైకలూరు దగ్గర మా ఊళ్లో మేత కొట్టు గుమ్మం ఎక్కగానే ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు ఆ గదిలో గంజి, కొబ్బరినూనె, ఆరీఆరని పొత్తిగుడ్డల వాసన కలిసి ఉండేది. అది మా చంటిపిల్లల గది.

వరిచేలు చెరువులయ్యాక మా అమ్మావాళ్లు నాట్లు మాని రొయ్యల షెడ్డులో తలలు తీయడానికి వెళ్లేవారు. లారీ వచ్చిందంటే తెల్లారకముందే పరుగు. పసిపిల్లల్ని చెరువు గట్టునే గొడుగు కింద పడుకోబెట్టేవారు. ఓరోజు మా చెల్లి పాక్కుంటూ నీళ్లలోకి జారింది. ఎవరో జుట్టు పట్టి లాగబట్టి బతికింది. ఆ సాయంత్రమే ఆడవాళ్లంతా కూడబలుక్కుని పంచాయతీ స్థలం అడిగారు. మగవాళ్లు నవ్వి ఊరుకుంటే, వాళ్లే ఇటుకలు మోసి గది లేపారు.

పిల్లల్ని చూసుకునేది చర్చి పక్కింటి సుగుణమ్మ గారు. దూలానికి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో తల్లి పాత చీరతో ఉయ్యాల. ఆ చీర ఉతక్కుండా తేవాలన్నది ఆవిడ కట్టడి. ఓసారి మా అమ్మ సిగ్గుపడి ఉతికి తెస్తే తిప్పి పంపేశారు.

"ఉతికితే నీ వాసన పోద్దమ్మా. పిల్ల ఎవర్ని చూసుకుని పడుకుంటాది?"

వానాకాలం కొల్లేరు పొంగి మెట్టుదాకా నీళ్లొస్తే, చిత్తడి వాసన మధ్య ఉయ్యాలలన్నీ ఒకేసారి ఊగుతుంటే, బడి ఎగ్గొట్టిన మేం కింద చింతపిక్కలాడేవాళ్లం. క్రిస్మస్‌కి మిగిలిన అరిసె ముక్కైనా ఉగాదికి చేసిన బూరైనా ఆవిడ చేతిలోంచి లాక్కుని తినేవాళ్లం.

సుగుణమ్మ గారు పోయాక, నాలుగు రోజులకే అంటూ పంచాయతీవాళ్లు గదిని మేత వ్యాపారికిచ్చారు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. అడిగితే అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, కాదన్నానా? అది తెరిచేసరికి ఇక్కడ సగం పని అయిపోతుంది.

నీళ్లలోంచి తీసిన ఆ చెల్లి కూతురే ఇప్పుడు ఈ కొట్లో మేత తూచి సంచులకెత్తుతోంది. దాని చంటిది బస్తాల సందులో గోనెపట్టా మీద పడుకుని ఉంది. సరిగ్గా దాని నెత్తిమీదే కొక్కెం, ఆ కొక్కేనికి కాటా. ఉయ్యాల కట్టడానికి ఆ కొక్కెం ఒక్కటీ ఇమ్మని అడగడానికే, మేనకోడలి ఉతకని చీర చంకన పెట్టుకుని వెళ్లాను.

కొట్టాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అంతా ఓపిగ్గా విన్నాడు.

"కాటా తీసేస్తే బేరం ఎలాగండీ? మేం వచ్చేసరికే ఉన్నాయండి ఈ కొక్కేలు. దేనికో అనుకున్నాం."

నా మేనకోడలు తలెత్తకుండా తూస్తూనే ఉంది. చీర మడత విప్పి పసిదాని కింద పరిచాను. దాని కనురెప్పల మీద మేత పొడి పడి ఉంది. ఆ చీర కొంగుతోనే తుడిచాను. కాటా మీద ఇంకో సంచి పడింది, పొడి మళ్లీ రాలింది.